బిట్‌కాయిన్ తమ్ముళ్ళు, మా తోడికోడలి గాజులు

సంక్రాంతికి మా మరిది వాళ్ళు తెనాలి వస్తే మా ఇంట్లో రాత్రి పన్నెండు దాకా దీపం ఆరదు. ఈసారి భోగి నాటి రాత్రి, మర్నాటి పొంగలికి కొత్త బియ్యం, పెసరపప్పు తీసి పెట్టుకుని నేను హాల్లోకి వచ్చేసరికి మా మరిది కొడుకు ఉపన్యాసం నడుస్తోంది. వాడికి ఇరవై నాలుగేళ్ళు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడి చుట్టూ మావారు, మా మరిది, పిల్లలు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు.

"బిట్‌కాయిన్ బస్సు మనకి వెళ్ళిపోయింది పెదనాన్నా. ఒక్కటి కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలి. తెలివైనవాడు రెండో బస్సు కోసం చూస్తాడు. ఇదిగో, ఈ నాణెం ఏడు రూపాయలే. ఇది రేపటి బిట్‌కాయిన్!"

నాకు అందులో సగం అర్థం కాలేదు. అర్థం కాని మాటలు ఇంట్లో చాలానే వినిపిస్తుంటాయి కదా అని వదిలేశాను.

మర్నాడు పొద్దున్న పొయ్యి మీద పాలు పొంగుతుండగా మా తోడికోడలు పక్కకి వచ్చి నిలబడింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చేతి గాజులు తిప్పుకుంటూ, "అక్కా, వీటిని బ్యాంకులో పెడితే మూడు లక్షలు ఇస్తారట. వాడు ఆ నాణేలు కొంటానంటున్నాడు. ఏడాదిలో విడిపించి ఇస్తానంటున్నాడు. మీ మరిదిగారు కూడా సరే అన్నారు. నువ్వేమంటావు?" అంది.

ఆ గాజులు వాళ్ళమ్మ పెట్టినవి. ఎనిమిది కాసులు. నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా మూడు లక్షలకి నెలకి మూడు వేలు. మా ఇంట్లో చీటీలు కట్టేది, పాడేది, లెక్క రాసేది నేనే కాబట్టి డబ్బు సంగతి వస్తే ఆవిడ నన్నే అడుగుతుంది. వద్దు అని ఆ క్షణమే అనొచ్చు. కానీ తెలియని దాన్ని వద్దనడానికీ, తెలియని దాన్ని కొనడానికీ పెద్ద తేడా లేదనిపించింది. "ఉగాది దాకా ఆగు. నేను తెలుసుకుని చెప్తాను" అన్నాను.

నేను చదివింది బీఏ తెలుగు. ఛందస్సు అడిగితే చెప్తాను, క్రిప్టో అంటే ఏం తెలుసు? మా అమ్మాయి బీకామ్ చదువుతోంది. మధ్యాహ్నాలు ఇంగ్లీషులో ఉన్నవి అది చదివి చెప్తుంటే నేను నోటు పుస్తకంలో తెలుగులో రాసుకున్నాను. రెండు నెలల్లో ఆ పుస్తకం సగం నిండింది. అందులో ఉన్నదే ఇక్కడ పెడుతున్నాను. మీ ఇళ్ళల్లోనూ ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరు ఈ రెండో బస్సు కబురు తెచ్చే ఉంటారు, లేకపోతే రేపు తెస్తారు.

ముందు ఆ మొదటి బస్సు ఏమిటో చూద్దాం. 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో ఎవరో తొమ్మిది పేజీల వ్యాసం ఒకటి బయటపెట్టారు. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదలైంది. ఆ మనిషి ఆడో మగో, ఒక్కరో పదిమందో ఇప్పటికీ తేలలేదు. బిట్‌కాయిన్ అంటే చేత్తో పట్టుకునే నాణెం కాదు, ఒక చిట్టా పుస్తకం. మన చీటీల పుస్తకం చీటీ నడిపే ఆవిడ దగ్గర ఒక్కటే ఉంటుంది. ఆవిడ పేజీ చింపినా, అంకె దిద్దినా మనం ఏమీ చెయ్యలేం. బిట్‌కాయిన్ పుస్తకం నకళ్ళు ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో ఉంటాయి. సుమారు పది నిమిషాలకొక కొత్త పేజీ చేరుతుంది. ఆ పేజీ రాసే హక్కు కోసం కంప్యూటర్లు కరెంటు తగలేసి పోటీ పడతాయి. గెలిచినవాళ్ళకి కొత్త నాణేలు దక్కుతాయి. దాన్నే మైనింగ్ అంటారు. మొత్తం మీద ఎప్పటికీ 2 కోట్ల 10 లక్షల నాణేలకి మించి రావు. దానికి యజమాని లేడు, ఆఫీసు లేదు, సంతకం పెట్టేవాడు లేడు.

2010 మే 22న అమెరికాలో ఫ్లోరిడాలో ఒకాయన రెండు పిజ్జాలకి పదివేల బిట్‌కాయిన్లు ఇచ్చాడు. 2024 డిసెంబరులో ఒక్క బిట్‌కాయిన్ ధర లక్ష డాలర్లు దాటింది. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. మా వాడికి నిద్ర పట్టకుండా చేసినవి ఇవే. ఆ పిజ్జాల రోజు మళ్ళీ వస్తుందని, ఈసారి వేరే పేరుతో వస్తుందని వాడి ఆశ. ఇప్పుడున్న వేలకొద్దీ ఇతర నాణేలు బతుకుతున్నది ఈ ఆశ మీదే.

వాటిని నేను మూడు గుంపులు చేసుకున్నాను.

మొదటి గుంపు, "బిట్‌కాయిన్ చేసే పనే మేం ఇంకా బాగా చేస్తాం" అనేవి. 2011 అక్టోబరులో చార్లీ లీ అనే ఇంజనీరు లైట్‌కాయిన్ తెచ్చాడు. పది నిమిషాల బదులు రెండున్నర నిమిషాలకే పేజీ చేరుతుంది. నాణేలు 8 కోట్ల 40 లక్షలు. బిట్‌కాయిన్ బంగారమైతే ఇది వెండి అని పేరు తెచ్చుకుంది. 2017 డిసెంబరులో, ధర బాగా పెరిగి ఉన్న రోజుల్లో, తన లైట్‌కాయిన్లన్నీ అమ్మేసి, కొన్ని దానం చేసేశానని ఆయనే ప్రకటించాడు. తన మాటలకి స్వార్థం అంటకూడదని అలా చేశానన్నాడు. ఆయన మనసు సంగతి ఆయనకే తెలియాలి. నేనైతే నోటు పుస్తకంలో ఆ వాక్యం కింద గీత గీసుకున్నాను. 2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ నుంచే చీలి బిట్‌కాయిన్ క్యాష్ అనే ఇంకోటి వచ్చింది. పేజీ పెద్దదైతే ఎక్కువ లావాదేవీలు పడతాయి, ఖర్చు తగ్గుతుంది అని దాని వాదం. వాదంలో తప్పులేదు. అయినా జనం అటు కదల్లేదు.

ఎందుకు కదల్లేదన్నది నాకు మొదట తేలలేదు. మెరుగైనది వస్తే పాతది పోవాలి కదా! రోలు పోయి గ్రైండరు రాలేదూ? మా వాడి గట్టి వాదం కూడా ఇదే. "నోకియా ఏమైంది పెద్దమ్మా? ఆర్కుట్ ఏమైంది? మొదట వచ్చినవాడే చివరిదాకా ఉండాలని రూలుందా?" అంటాడు. ఇది కొట్టిపారేసే మాట కాదు. నాలుగు రోజులు నన్ను తొలిచింది.

జవాబు నాకు బంగారం కొట్లో దొరికింది. మా అమ్మాయి ఫ్రెండు పెళ్ళికి ఉంగరం కొందామని వెళ్తే అక్కడ ప్లాటినం ఉంగరాలు పెట్టారు. ప్లాటినం బంగారం కన్నా అరుదైనది. గట్టిది, అరగదు, రంగు మారదు. అయినా మీలో ఎవరైనా ప్లాటినం మంగళసూత్రం కట్టించుకున్నారా? అర్ధరాత్రి ఆసుపత్రికి డబ్బు కావాలంటే ఏ ఊళ్ళో ఏ కొట్టువాడైనా మాట్లాడకుండా పుచ్చుకునేది బంగారాన్నే. బంగారం గొప్పతనం సగం దాని లోహంలో ఉంది. తక్కిన సగం, ఎదుటివాడు కూడా దాన్ని పుచ్చుకుంటాడన్న నమ్మకంలో ఉంది. ఫోను కొనేది పని కోసం. మంచి ఫోను వస్తే పాతది పక్కన పడేస్తాం. దాచుకునే సొమ్ము సంగతి అలా కాదు. రేపు ఎవరు పుచ్చుకుంటారన్నదే దానికి ప్రాణం. అందుకే అందరూ ఉన్న చోటికే అందరూ వెళ్తారు. బిట్‌కాయిన్ ప్రోగ్రాము ఎవరైనా నకలు చేసుకోవచ్చు, అది దాపరికం లేనిది. దాని వెనకున్న ఇన్నేళ్ళ నడకని నకలు చెయ్యలేరు.

ఇందులో నమ్మకం ఒక్కటే కాదు, కాపలా సంగతి కూడా ఉంది. ఈ పద్ధతిలో నడిచే ఏ పుస్తకానికైనా కాపలా కాసేది మైనింగ్ చేసే కంప్యూటర్లే. సగానికి పైగా బలం ఒక్కడి చేతికి చిక్కితే వాడు ఈమధ్య రాసిన పేజీలు తిరగరాసి, ఖర్చుపెట్టిన నాణేన్నే మళ్ళీ ఖర్చుపెట్టొచ్చు. బిట్‌కాయిన్ మీద అంత బలం కూడగట్టడం మహా ఖర్చు. చిన్న నాణేల మీద తేలిక. బిట్‌కాయిన్ గోల్డ్ అనే నాణేనికి 2018 మేలో అదే జరిగింది. పేరులో గోల్డ్ ఉంటే ఏం లాభం? ఇథీరియం క్లాసిక్ అనే దానికి 2020 ఆగస్టు ఒక్క నెలలోనే మూడుసార్లు జరిగింది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు. చారలు వస్తాయి, బలం రాదు.

రెండో గుంపు వేరు. ఇవి బిట్‌కాయిన్ పని చెయ్యడానికి రాలేదు, వేరే పని కోసం వచ్చాయి. వీటిని నేను చిన్నచూపు చూడను. విటాలిక్ బుటెరిన్ అనే కుర్రాడు ఆలోచించగా 2015 జులై 30న మొదలైన ఇథీరియం అందులో పెద్దది. దాని నాణెం ఈథర్. చిట్టా పుస్తకంలో డబ్బు లెక్కలే కాదు, షరతులు కూడా రాయొచ్చు అన్నది వాళ్ళ ఆలోచన. ఫలానాది జరిగితే ఫలానావారికి డబ్బు వెళ్ళు, మధ్యవర్తి అక్కర్లేదు అని రాసి పెట్టొచ్చు. 2022 సెప్టెంబరు 15న వాళ్ళు మైనింగ్ మానేసి వేరే పద్ధతికి మారి, కరెంటు వాడకం 99 శాతానికి పైగా తగ్గించారు. బిట్‌కాయిన్ ఆ పని ఈనాటికీ చెయ్యలేదు. 2017లో ఒక దశలో మొత్తం విలువలో ఈథర్ బిట్‌కాయిన్‌ని దాదాపు పట్టుకున్నంత పని చేసింది. ఇంతవరకూ ఎదురు నిలవగలిగినది ఏదైనా ఉందంటే అదొక్కటే.

కానీ అక్కడొక కథ ఉంది. 2016లో ఇథీరియం మీద నడిచే ఒక ఉమ్మడి నిధిలో లొసుగు కనిపెట్టి ఎవరో 36 లక్షల ఈథర్ లాగేశారు. అప్పుడు ఎక్కువమంది కలిసి, ఆ దొంగతనం చెల్లకుండా పుస్తకాన్ని దిద్దారు. ఒప్పుకోనివాళ్ళు పాత పుస్తకంతోనే ఉండిపోయారు. అదే ఇందాక చెప్పిన ఇథీరియం క్లాసిక్. పోయిన డబ్బు వెనక్కి తేవడం తప్పని నేను అనను. నా డబ్బే పోతే నేనూ దిద్దమనే అంటాను. కానీ దిద్దగలిగిన పుస్తకం అని ఒకసారి తెలిశాక, ఎవ్వరూ దిద్దలేని పుస్తకం కావాలనుకునేవాళ్ళు అటు రారు. పని బాగా చేసేదానికి మార్పు అవసరం. దాచుకునేదానికి మార్పు లేకపోవడమే అవసరం. ఈ రెండూ ఒకేచోట ఇమడవని నాకు అర్థమైంది అప్పుడే.

ఇదే గుంపులో స్టేబుల్ కాయిన్లు ఉన్నాయి. ఒక నాణెం ఒక డాలరుకి కట్టి ఉంటుంది. టెథర్ అందులో పెద్దది. రోజూ చేతులు మారే సొమ్ము లెక్క చూస్తే టెథర్ ఎన్నో ఏళ్ళుగా బిట్‌కాయిన్‌నే మించిపోయింది. అంటే పోటీలో గెలిచినట్టే కదా? గెలిచింది, కానీ ఏ పోటీలో? అది ఎప్పటికీ డాలరు దాటదు. దాన్ని కొని ఎవరూ కోటీశ్వరులు కారు. పైగా దాని వెనక ఒక కంపెనీ ఉంది. ఆ కంపెనీని నమ్మాలి. యజమాని లేని డబ్బు అని మొదలైన ప్రయాణం మళ్ళీ యజమాని గుమ్మం ముందుకే వచ్చిందన్నమాట.

మూడో గుంపు, వట్టి ఆశ అమ్మేవి. డోజ్‌కాయిన్‌ని 2013 డిసెంబరులో ఇద్దరు కుర్రాళ్ళు, నాణేల పిచ్చిని వెక్కిరించడానికి, ఒక కుక్క బొమ్మ పెట్టి సరదాకి చేశారు. ఆ సరదా ఈనాటికీ బతికే ఉంది. అది వాళ్ళకే వింత. లూనా కథ మాత్రం సరదా కాదు. దాని జంట నాణెం ఎప్పుడూ ఒక డాలరే ఉంటుందన్నారు. దాచుకుంటే ఏడాదికి 20 శాతం దాకా వడ్డీ అన్నారు. 2022 మేలో కొద్ది రోజుల్లోనే రెండూ కూలిపోయాయి. సుమారు 4 వేల కోట్ల డాలర్ల విలువ ఆవిరైపోయింది. కూలే ముందు లూనా పెద్ద నాణేల జాబితాలో మొదటి పదిలో ఉండేది. పెద్దదైతే నిలుస్తుందనుకునేవాళ్ళు ఆ వాక్యం రెండుసార్లు చదువుకోవాలి.

2013 నాటి జాబితాల్లో బిట్‌కాయిన్, లైట్‌కాయిన్ల పక్కన పీర్‌కాయిన్, నేమ్‌కాయిన్, నోవాకాయిన్, టెర్రాకాయిన్ అనే పేర్లు ఉండేవి. మా వాడిని అడిగితే ఆ పేర్లు వాడే వినలేదు. వాటిని కూడా ఆ రోజు ఎవరో ఒకరు వాళ్ళమ్మకి చూపించి "ఇది రేపటి బిట్‌కాయిన్" అనే ఉంటారు.

మా వాడి పక్షాన ఒక లెక్క ఉంది, అది దాచిపెట్టడం అన్యాయం. 2017 మొదట్లో మొత్తం నాణేల విలువలో 80 శాతానికి పైగా బిట్‌కాయిన్‌దే. 2018 జనవరికల్లా అది మూడో వంతుకి అటూ ఇటుగా పడిపోయింది. అంటే తమ్ముళ్ళందరూ కలిస్తే అన్నకి రెట్టింపు అయ్యారు. "చూశావా!" అన్నాడు వాడు. చూశాను. తర్వాతి అంకె కూడా చూశాను. ధరలన్నీ కూలాక ముందు ఎండిపోయినవి చిన్నవే. 2021 మొదట్లో బిట్‌కాయిన్ వాటా మళ్ళీ 70 శాతం దగ్గరికి వచ్చింది. తర్వాత మళ్ళీ తగ్గింది, మళ్ళీ పెరిగింది. ఇది రాసేనాటికి సగానికి పైనే ఉంది. వానాకాలంలో ప్రతి గుంటా చెరువులాగే కనిపిస్తుంది. ఏది చెరువో వేసవిలో తెలుస్తుంది.

అలాగని బిట్‌కాయిన్ కొనమని నేను చెప్పడం లేదు. 2021 నవంబరులో 69 వేల డాలర్లు పలికినది ఏడాది తిరిగేసరికి 16 వేలకి వచ్చింది. అలా పడితే మన ఇళ్ళల్లో ఎంతమంది నిద్రపోతారు? ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశం 2021లో దాన్ని అధికారిక డబ్బుగా చేసింది. 2025 జనవరికల్లా చట్టం మార్చి, ఇష్టమున్నవాళ్ళే పుచ్చుకోండి అంది. కూరగాయల బండి దగ్గర ఇవ్వడానికి అది పనికిరాలేదు. సింహాసనం మీద ఎవరూ దింపలేకుండా కూర్చుందని చెప్తున్నానే గానీ, ఆ రాజ్యంలో కాపురం పెట్టమనడం లేదు.

ఇక ఏడు రూపాయల సంగతి. మన ఆడవాళ్ళం బేరం దగ్గర మోసపోయేది తక్కువ, కానీ ఈ లెక్కలో ఎవరైనా మోసపోతారు. బిట్‌కాయిన్ ఖరీదు, ఇది చవక అన్నది తప్పు మాట. ఒకే పూర్ణం ముద్దతో పది బొబ్బట్లు చేస్తే ఒక్కోటి పెద్దగా ఉంటుంది, వంద చేస్తే చిన్నగా ఉంటుంది. పూర్ణం అంతే. మా వాడి నాణేలు మొత్తం వెయ్యి కోట్లు ఉన్నాయి. ఒక్కోటి ఏడు రూపాయలంటే ఇప్పటికే ఏడు వేల కోట్ల విలువ. వాడు కలగన్నట్టు ఏడు రూపాయలది ఏడు వేలు కావాలంటే మొత్తం విలువ 70 లక్షల కోట్లు కావాలి. మన దేశపు 2025-26 కేంద్ర బడ్జెట్టే సుమారు 50 లక్షల కోట్లు. ఈ లెక్క చెప్పినప్పుడు వాడు మొదటిసారి ఫోను పక్కన పెట్టాడు.

ఆ నాణేలు మొదట ఎవరి చేతిలో ఉన్నాయో కూడా చూడాలి. బిట్‌కాయిన్ ఒక్కొక్కటిగా మైనింగ్‌లో పుట్టింది. ఎక్స్‌ఆర్‌పీ అనే పెద్ద నాణేన్నే తీసుకోండి. పది వేల కోట్లు మొదట్లోనే ఒకేసారి పుట్టించారు. అందులో ఎనిమిది వేల కోట్లు దాని వెనకున్న కంపెనీకే ఇచ్చారు. ఇది దాచిన విషయం కాదు, అందరికీ తెలిసినదే. కానీ చీటీ మొదలుపెట్టకముందే నిర్వాహకురాలు సగానికి పైగా తన పేర రాసుకుంటే మనం చేరతామా?

ఇంకోటి, పన్ను. ఇది మన దేశానికి సంబంధించిన మాట, ఎవరూ ముందు చెప్పరు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ నాణేల మీద లాభానికి 30 శాతం పన్ను, దాని మీద సెస్సు. 2022 జులై నుంచి ఒక పరిమితి దాటితే అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. అన్నిటికన్నా ముఖ్యం, ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని ఇంకో నాణెం లాభంలోంచి తీసెయ్యడానికి వీల్లేదు. మా తోడికోడలికి ఇలా రాసి చూపించాను. నీ కొడుకు ఒక దాంట్లో లక్ష సంపాదించాడు, ఇంకో దాంట్లో 80 వేలు పోగొట్టాడు. చేతిలో మిగిలింది 20 వేలు. పన్ను మాత్రం లక్ష మీదే. సెస్సుతో కలిపి 31,200. అంటే లాభం వచ్చిందనుకున్న ఏడాది చేతినుంచి 11,200 ఎదురు కట్టాలి. పది నాణేలు కొంటే ఒకటైనా తగులుతుంది కదా అనేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. బ్యాంకులో అయితే బ్యాంకు మునిగినా 5 లక్షల దాకా బీమా ఉంది. ఇక్కడ అదీ లేదు. 2024 జులైలో మన దేశంలోని ఒక ఎక్స్చేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగలు పట్టుకుపోయారు. అందులో డబ్బు పెట్టుకున్నవాళ్ళు నెలల తరబడి ఎదురుచూశారు.

మొత్తం మీద నాకు తేలింది ఇది. తమ్ముళ్ళు అన్నతో పోటీ పడగలరా అంటే, పనిలో పడగలరు, కొన్ని పనుల్లో ఇప్పటికే దాటిపోయారు. దాచుకునే సొమ్ముగా నమ్మకం సంపాదించడంలో మాత్రం ఇంతవరకూ ఎవరూ దరిదాపుల్లోకి రాలేదు. నా మటుకు నాకు, వస్తారనీ అనిపించడం లేదు. అసలు చిక్కు ఏమిటంటే, మన పిల్లలు నాణెం కొంటున్నామనుకుంటారు, కొనేది మాత్రం 2010 నాటి రోజుని. ఆ రోజు ఎవరి దగ్గరా అమ్మకానికి లేదు. పిజ్జాకి పదివేలు ఇచ్చినాయన కూడా అది రేపటి బంగారం అనుకోలేదు. అనుకుంటే ఇచ్చేవాడా? "ఇది రేపటి బిట్‌కాయిన్" అని ముందే అరిచి అమ్ముతున్నారంటేనే, ఆ అవకాశం అమ్మేవాడికి దక్కింది, మనకి కాదు.

ఉగాది నాడు పచ్చడి పెట్టి, నా నోటు పుస్తకం తీసి తల్లీ కొడుకుల ముందు పెట్టాను. తోడికోడలితో, "గాజులు తియ్యొద్దు. వాడి ముచ్చట వాడి జీతంలోంచి తీర్చుకోమను. పోయినా ఇల్లు కదలనంత పెట్టుకోమను. అప్పు తెచ్చి మాత్రం కాదు. వడ్డీ నెలనెలా పెరుగుతుంది, నాణెం పెరగాలని లేదు" అన్నాను.

మా మరిది ఏమీ అనలేదు. వాడు మాత్రం లేచి, "పెద్దమ్మకి తెలుగు పాఠాలు తప్ప ఇవన్నీ ఎందుకు?" అని విసురుగా వెళ్ళిపోయాడు. ఆ మాట తగిలింది. ఎత్తుకుని పెంచిన చేతులు కదా. వారం వారం ఫోను చేసేవాడు, ఇప్పుడు చెయ్యడం లేదు. తన జీతంలోంచి పాతిక వేలు పెట్టి కొన్నాడని వాళ్ళమ్మ చెప్పింది.

ఆ నాణెం ధర ఇప్పుడెంతో నేను చూడలేదు. మా అమ్మాయి చూసి చెప్తానంది, వద్దన్నాను. రేపు అది పెరిగితే నేను చెప్పింది తప్పని కాదు, పడితే నేను గెలిచాననీ కాదు. తల్లి పెట్టిన గాజుల్ని దేనికి అడ్డం పెట్టొచ్చు, దేనికి పెట్టకూడదు అన్నదే మా ఇంట్లో తేలాల్సింది. పిల్ల పెళ్ళికి పెట్టొచ్చు, ఆసుపత్రికి పెట్టొచ్చు, వాడి చదువుకి అడిగితే నేనే దగ్గరుండి బ్యాంకుకి తీసుకెళ్ళేదాన్ని. రెండో బస్సు వస్తుందో రాదో తెలియని స్టాండులో నిలబడడానికి మాత్రం కాదు.

మొన్న తోడికోడలు వీడియో కాల్ చేసింది. బెండకాయలు తరుగుతూ మాట్లాడుతోంది. గాజులు చేతికే ఉన్నాయి. "వాడు అలక తీరాక నీకే ఫోను చేస్తాడులే అక్కా" అంది. చెయ్యనీ. చేస్తే ముందు అన్నం తిన్నావా అని అడుగుతాను. ధర సంగతి వాడు చెప్తే వింటాను.